ప్రకటనల ఫోటోగ్రఫీ నుంచి సొంత ఫోటోల వైపు: స్టూడియో మూసేయాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. దుస్తులు, వస్తువుల ప్రకటనలకు చాలా ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నారు. చేతినిండా పని ఉంది, క్లయింట్లు మళ్లీ మళ్లీ వస్తున్నారు. అయినా తీసినవాటిలో ఒక్కదాన్ని కూడా ఇది నాది అని చెప్పుకోవాలనిపించడం లేదు. ఏడాదిగా సెలవు రోజుల్లో మీ కోసం మీరు తీసుకుంటున్నారు. తీరా చూస్తే అవీ ఎవరిదో ప్రకటనలాగే ఉంటున్నాయి. అందుకే మూడు సంగతులు అడిగారు: స్టూడియో మూసేసి పూర్తిగా సొంత పనిలోకి దిగాలా, కెమెరా మార్చాలా, నలభై దాటిన వయసులో ఇది మొదలుపెట్టడం ఆలస్యం కాదా అని. మీరు జతచేసిన ఫోటోలన్నీ పెద్ద తెర మీద నిదానంగా చూశాను. వాటి గురించి చివర్లో చెబుతాను.

నేనూ వస్తువుల ఫోటోలతోనే బతికాను. సీసాలు, గడియారాలు, యంత్రభాగాలు, సబ్బులు. ఇప్పటికీ ఆ పని వదల్లేదు. దాని పక్కనే నా సొంత పనీ చాలా కాలంగా సాగుతోంది. అందుకే మొదటి ప్రశ్నకు సూటిగా జవాబిస్తాను: స్టూడియో మూయకండి. కనీసం ఇప్పుడు మూయకండి. డబ్బు ఒక్కటే దృష్టిలో పెట్టుకుని ఈ మాట అనడం లేదు. మీ ఇబ్బందికి మూలం స్టూడియోలో లేదు, అందువల్ల దాన్ని మూసినా ఆ ఇబ్బంది మీ వెంటే వస్తుంది.

ప్రకటన పనిలో మనం సెట్టు మీదకు వచ్చేసరికే చాలా నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. ఆర్ట్ డైరెక్టర్ లేఅవుట్ గీసి తెస్తాడు. శీర్షిక ఎక్కడ వస్తుంది, లోగో ఏ మూలన ఉంటుంది, అడ్డంగా ఎంత ఖాళీ వదలాలి, రంగు వెచ్చగా ఉండాలా చల్లగా ఉండాలా, చూసేవాడికి ఏమనిపించాలి, అన్నీ ముందే తేలి ఉంటాయి. ఆ బొమ్మను నిజం చేసి చూపించడమే మన నేర్పు. ఆ నేర్పు చిన్నదేమీ కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. కానీ ఏళ్ల తరబడి ఇలా పనిచేస్తే ఒక అలవాటు ఒంటబడుతుంది. ఎవరో అడిగితే చెప్పడం వస్తుంది, అడగడం మరిచిపోతాం. సెలవు రోజున కెమెరా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు లేఅవుట్ ఇచ్చేవాళ్లు ఉండరు. అప్పుడు చెయ్యి తనంతట తానే కిందటి వారం లేఅవుట్‌ను గుర్తు తెచ్చుకుని దాన్నే మళ్లీ తీస్తుంది. మీ కిటికీ పక్క పూలగుత్తి ఫోటోలో కుడివైపు మూడోవంతు ఖాళీగా ఉంది చూడండి. అక్కడ రాయాల్సిన శీర్షిక ఏదీ లేదు. అయినా దానికి చోటు వదిలారు.

నా పనిలోంచి ఒక ఉదాహరణ చెబుతాను. గాజు సీసాను తీయాలంటే వెలుగును సీసా మీద వేయం, సీసా వెనక వేస్తాం. వెనక పాలరంగు అక్రిలిక్ షీటు, దాని వెనక లైటు. రెండు పక్కలా ఫ్రేములోకి రాకుండా నల్ల అట్టలు నిలబెడతాం. ఆ నలుపు గాజు అంచుల్లో వంగి కనబడి, సీసా ఆకారాన్ని పెన్సిలుతో గీసినట్టు చూపిస్తుంది. లోపలి ద్రవం మెరవాలంటే సీసా ఆకారంలోనే వెండి కాగితం కత్తిరించి వెనక దాచిపెడతాం. లేబుల్‌కు వేరే చిన్న లైటు. చల్లగా ఉందనిపించే నీటి బొట్ల కోసం గ్లిసరిన్ కలిపిన నీళ్లు చిలకరిస్తాం, ఎందుకంటే మామూలు నీళ్లు జారిపోతాయి, ఆరిపోతాయి. గడియారమైతే ముళ్లను పది దాటి పది నిమిషాల దగ్గర ఆపుతాం. అప్పుడు అవి పేరుకు అడ్డం రాకుండా దానికి రెండు పక్కలా సమంగా ఎత్తి నిలుస్తాయి. వీటన్నిటికంటే ముందు చేసే పని నూలు చేతి తొడుగులు వేసుకుని వేలిముద్రలు తుడవడం. షూటింగు పొడవునా ఎవరో ఒకరు తుడుస్తూనే ఉంటారు.

ఇంత శ్రమ పడి మనం కొనేవాడికి చెప్పేది ఒకే మాట: దీన్ని ఇంకా ఎవరూ తాకలేదు, మొదట తాకేది మీరే. ఏ వస్తువు ప్రకటన చూసినా లోపల ఈ హామీ ఉంటుంది. ఈ సంగతి నాకు స్పష్టంగా కనబడిన రోజే నా సొంత పనికి దారి దొరికింది. తుడిచేసిన ఆ వేలిముద్రల వైపు వెళ్లాలనుకున్నాను. వాడి వాడి అరిగిపోయిన వస్తువులను తీయడం మొదలుపెట్టాను. బొటనవేలు ఆనిన చోట మాత్రమే నునుపెక్కిన సుత్తి పిడి, అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డు, ముక్కు మీద ఆనే చోట పచ్చబడిన కళ్లద్దాలు, పాదం అచ్చు దిగిన చెప్పు. లైట్లు అవే, నేర్పూ అదే. గీతలు కనబడకుండా మెత్తని వెలుగు పరచడానికి వాడే లైటునే పక్కకు దించి, వస్తువు ఉపరితలాన్ని ఒరుసుకుంటూ పోయేలా పెడితే ప్రతి గీతా లేచి కనబడుతుంది. ఏ గీతను ఎలా దాచాలో ఏళ్లుగా తెలిసిన చెయ్యి కాబట్టే దాన్ని ఎలా చూపించాలో కూడా దానికి తెలుసు. స్టూడియో వదిలేయమనే సలహాలో ఈ సంగతి మరుగున పడుతుంది.

ఈ దారిలో నాకు ధైర్యమిచ్చినవాడు అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్. 1917లో పుట్టి 2009లో పోయాడు. వోగ్ పత్రికకు 1943 అక్టోబరు 1 సంచికపై ఆయన తీసిన మొదటి ముఖచిత్రం వచ్చింది. ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రమైనా అందులో మనిషి లేదు, చేతిసంచి, గ్లవ్స్, బెల్టు లాంటి వస్తువుల అమరిక ఉంది. అక్కడి నుంచి ఆరు దశాబ్దాలకు పైగా ఆ పత్రికకే పనిచేశాడు. 1968 నుంచి క్లినిక్ అనే కంపెనీ సౌందర్య సాధనాల ప్రకటనలు తీశాడు: తెల్లని నేపథ్యం, సీసాలు, డబ్బాలు, అంతే. అదే మనిషి 1972లో వీధిలో పడి ఉన్న సిగరెట్ పీకలను ఏరి స్టూడియోకు తెచ్చి, క్రీము డబ్బాకు ఎంత శ్రద్ధ పెట్టేవాడో అంతే శ్రద్ధతో వాటిని తీశాడు. తొక్కి నలిపిన పీక, పొగాకు బయటికొచ్చిన పీక, బూడిద అంటుకున్న కాగితం. వాటిని రెండడుగులకు దగ్గరగా పెంచి ప్లాటినం పద్ధతిలో ప్రింటు చేశాడు. 1975లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ వాటిని ప్రదర్శించింది.

ప్లాటినం ప్రింటు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పద్ధతీ విషయమూ విడివిడిగా లేవు. మామూలు నలుపు తెలుపు ప్రింటులో వెండి కణాలు జెలటిన్ పొరలో ఉంటాయి. ప్లాటినం ప్రింటులో అలాంటి పొర ఉండదు. ప్లాటినం లవణాల ద్రావణాన్ని చేత్తో కాగితానికి పూస్తారు, లోహం కాగితపు నారలోనే కుదురుకుంటుంది. నలుపుకూ తెలుపుకూ మధ్య ఛాయలు చాలా సున్నితంగా విడివడతాయి, మెరుపు ఉండదు. ఈ పద్ధతిలో సాధారణంగా ప్రింటు ఎంత పెద్దదో నెగెటివ్ అంత పెద్దది కావాలి. పెన్ ఒకసారి పూసి ఊరుకోలేదు. కాగితాన్ని అల్యూమినియం రేకుకు అతికించి, మళ్లీ పూసి, నెగెటివ్‌ను వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్లీ అదే చోట పెట్టి వెలుగు చూపించేవాడు. రేకు లేకపోతే కాగితం తడిసి ఆరినప్పుడు కుంచించుకుపోయి, రెండోసారి బొమ్మ మీద బొమ్మ కుదరదు. పత్రిక పేజీ వారంలో చెత్తబుట్టలోకి పోతుందని బాగా తెలిసిన మనిషి, పారేసిన పీకకు ఇన్నాళ్ల చాకిరీ చేశాడు. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది. ఆయన ప్రకటనలు మానలేదు. ఆ చేతినే, ఆ కంటినే మరో ప్రశ్న ముందు పెట్టాడు.

స్టూడియో వదిలేసి వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1923లో పుట్టిన ముగ్గురిని పక్కపక్కన పెట్టి చూడండి. ముగ్గురూ న్యూయార్క్‌లో పనిచేశారు, ముగ్గురికీ ఫ్యాషన్ ఫోటోగ్రఫీ తెలుసు, ముగ్గురివీ మూడు దారులు.

డయాన్ ఆర్బస్ భర్త అలన్‌తో కలిసి ఫ్యాషన్ స్టూడియో నడిపింది. 1956లో దాన్నుంచి బయటికొచ్చేసింది. లిసెట్ మోడల్ అనే ఫోటోగ్రాఫర్ దగ్గర చదువుకుంది. కానీ ఫ్యాషన్ స్టూడియో వదిలాక కూడా ఎస్క్వైర్, హార్పర్స్ బజార్ లాంటి పత్రికలకు పనిచేస్తూనే సంపాదించుకుంది. వాళ్లు ఇచ్చిన పనిలోనే తనకు కావలసిన మనుషులను వెతుక్కుంది. కాబట్టి ఆమె ఉద్యోగం వదిలి కళలోకి వచ్చిందని చెప్పే కథ సగమే నిజం. క్లయింట్ల రకం మార్చుకుంది అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

సాల్ లీటర్ 1946లో చిత్రకారుడు కావాలని న్యూయార్క్ వచ్చాడు. వానలో తడిసిన అద్దాలు, గొడుగులు, ఆవిరి పట్టిన కిటికీల వెనక మసకగా మనుషులు, ఇవన్నీ 1940ల చివర నుంచి రంగుల్లో తీస్తూనే ఉన్నాడు. బతుకుతెరువుకు ఫ్యాషన్ ఫోటోలు తీశాడు. 1981లో తన వ్యాపార స్టూడియో మూసేశాడు. రంగుల స్లైడ్లు పెట్టెల్లోనే ఉండిపోయాయి. వాటిని ప్రపంచానికి పరిచయం చేసిన పుస్తకం 2006లో వచ్చింది. అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్లు. ఈ కథను చాలామంది ఓపికకు ఉదాహరణగా చెబుతారు. నాకు అందులో కనబడేది వేరు. ఆయన సొంత పని స్టూడియో మూశాక మొదలైంది కాదు. స్టూడియో పని చేస్తున్న రోజుల్లోనే, ఇంటి చుట్టుపక్కల నాలుగు వీధుల్లో నడుస్తూ తీసుకున్నదే ఆ పుస్తకంలో ఉంది.

రిచర్డ్ ఎవడాన్ దేన్నీ వదల్లేదు. టెక్సాస్‌లోని ఏమన్ కార్టర్ మ్యూజియం ఆయనకు అమెరికా పశ్చిమ ప్రాంతపు మనుషులను తీసే పని అప్పగించింది. 1979 నుంచి 1984 దాకా వేసవుల్లో తిరిగాడు. గని కార్మికులు, దిమ్మరులు, కసాయిలు, ఖైదీలు. 8 బై 10 అంగుళాల ఫిల్ము కెమెరా. గోడకో లారీకో అతికించిన తెల్ల కాగితం. నేరుగా పడే ఎండ లేని నీడ. 752 మందిని తీశాడు, దాదాపు 17,000 ఫిల్ము షీట్లు వాడాడు. అదే కాలంలో, 1980లో, కాల్విన్ క్లైన్ జీన్స్ ప్రకటనలు కూడా తీశాడు. తెల్ల నేపథ్యం ఆయనకు ఫ్యాషన్ స్టూడియో నుంచి వచ్చిన అలవాటే. ఫ్యాషన్‌లో అది బట్టను ఎత్తి చూపేది. బొగ్గుమసి అంటుకున్న మనిషి వెనక పెట్టేసరికి అదే తెలుపు అతనికి దాక్కునే చోటు లేకుండా చేసింది. ఆ ఫోటోల మీద గట్టి విమర్శ కూడా వచ్చింది, ఆ ప్రాంతాన్ని దిగులుగా మాత్రమే చూపించాడని. ఆ విమర్శలో న్యాయం ఉందనే నేనూ అనుకుంటాను. అయినా ఒక స్టూడియో పరికరాన్ని ఇంత దూరం తీసుకెళ్లిన పని నాకు మరొకటి తెలియదు.

మన దేశంలో ప్రబుద్ధ దాస్‌గుప్తా ఉన్నాడు, 1956లో పుట్టి 2012లో పోయాడు. ప్రకటనల ఏజెన్సీలో కాపీ రాసే ఉద్యోగం నుంచి ఫోటోగ్రఫీకి వచ్చి, ఫ్యాషన్‌లో ముందు వరుసలో నిలిచాడు. ఆ పని చేస్తూనే స్త్రీల నగ్న చిత్రాల పుస్తకం, లద్దాఖ్ పుస్తకం, గోవా కాథలిక్కుల మీద పుస్తకం తెచ్చాడు. ఒక్కోదానికి ఏళ్లు పట్టాయి.

ఇక మీ పనికి వద్దాం. సొంత ప్రశ్న ఎక్కడ దొరుకుతుందని అడిగితే నేను అందరికీ ఒకే చోటు చూపిస్తాను: మీ వృత్తి మిమ్మల్ని దేన్ని దాచమంటుందో అక్కడ. ఒక కాగితం తీసుకుని, రీటచింగులో మీరు తీసేసేవన్నీ రాయండి. దుస్తుల్లో ముడతలు, దారపు పోగులు, చెమట మరకలు. ముఖాల్లో మచ్చలు, అలసట. ఇళ్ల ఫోటోల్లో వైర్లు, తాళంచెవులు, ఆరేసిన బట్టలు, అసలు మనుషులే. ఏళ్ల తరబడి ఇన్ని పనులకు ఇన్నిసార్లు చెరిపిన వాటి పట్టిక అది. అందులో ఏదో ఒకటి చదువుతున్నప్పుడు దాన్ని తీసేయడం నాకెప్పుడూ ఇష్టం లేదనిపిస్తుంది. దాంతో మొదలుపెట్టండి. ఇది అందరికీ పనికొస్తుందని అనను. కొందరికి ప్రశ్న ఇంట్లోంచి వస్తుంది, కొందరికి భయంలోంచి వస్తుంది. ఎవడాన్ తన తండ్రి చివరి ఏళ్లలో 1969 నుంచి 1973 దాకా ఆయన ఫోటోలు తీశాడు, 1974లో మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో చూపించాడు. అలాంటి విషయం మీ ముందుంటే నా పట్టిక పక్కన పెట్టేయండి.

ప్రశ్న దొరికాక చేతికి పట్టిన కొన్ని అలవాట్లు అడ్డొస్తాయి. శీర్షికకు చోటు వదలడం చెప్పాను. రెండోది, ప్రతి ఫోటోనూ పూర్తి చేసేయడం. ప్రకటనలో చూసేవాడికి క్షణం కంటే ఎక్కువ సమయం ఉండదు, అందుకే ఒక్క చూపులో అంతా అందాలి. సొంత పనిలో చూసేవాడు ఆగి ఉంటాడు. అతనికి చేయడానికి ఏమైనా మిగల్చాలి. కొంతకాలం రీటచింగు పూర్తిగా ఆపేయండి. కెమెరా సెన్సార్ మీది దుమ్ము వల్ల పడిన మచ్చలు తప్ప దేన్నీ తుడవకండి. మొదట్లో ఒళ్లు జలదరిస్తుంది, నిజంగానే. క్రమంగా ఏ మచ్చ అవసరమో ఏది అనవసరమో కన్ను తానే చెప్పడం మొదలుపెడుతుంది.

అన్నిటికంటే గట్టిగా అడ్డొచ్చేది మూడో అలవాటు, దాని మీద ఎక్కువ సమయం పెట్టండి. అది ఎంపిక. ప్రకటనకు వందల ఫ్రేములు తీసి ఒక్కటి ఇస్తాం. ఆ ఒక్కటీ ఒంటరిగా నిలబడాలి. అందుకే మన కన్ను ఎప్పుడూ గెలిచే ఫోటో కోసం వెతుకుతుంది. సొంత పనిలో గెలిచే ఫోటోలన్నీ వరుసగా పెడితే ఒకదాన్నొకటి నొక్కేస్తాయి. ప్రతిదీ అరుస్తున్నప్పుడు దేని మాటా వినబడదు. నేను చేసేది చెబుతాను. తెర మీద ఎంపిక చేయను. పోస్టుకార్డు సైజు ప్రింట్లు చవక కాగితం మీద వేసి నేల మీద పరుస్తాను. రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి, ఈ రెండూ కలిసి ఏమంటున్నాయని చూస్తాను. ఆ సుత్తి పిడి ఫోటో విడిగా చాలా బాగుంటుంది. కానీ పచ్చబడిన కళ్లద్దాల పక్కన పెడితే రెండూ అరుదైన పాత వస్తువుల్లా, ముద్దుగా కనబడ్డాయి. అదే సుత్తిని చెరిగిన కీబోర్డు పక్కన పెట్టగానే రెండు కాలాల పనిచేసే చేతులు ఎదురెదురుగా కూర్చున్నాయి. కళ్లద్దాలు ఆ వరుసలోంచి పోయాయి, మంచి ఫోటో అయినా. అలా వరుస పెట్టి, గోడకు అతికించి, వారాల తరబడి వదిలేయండి. రోజూ దాని ముందు నుంచి నడుస్తుంటే ఏది అబద్ధమో తెలిసిపోతుంది. ఈ పని ఇక్కడే జరుగుతుంది, షట్టర్ దగ్గర సగమే జరుగుతుంది.

దయానితా సింగ్ పని చూడండి. పత్రికలకు ఫోటోలు తీసే వృత్తి నుంచి వచ్చి, ఫోటోల వరుసే తన అసలు పనిగా చేసుకుంది. చెక్క చట్రాల్లో అమర్చి, ఎప్పటికప్పుడు ఫోటోలు మార్చి పెట్టగలిగే మ్యూజియంలు కట్టింది, పుస్తకాలనే ప్రదర్శనలుగా మలిచింది. 2022లో ఫోటోగ్రఫీకి ఇచ్చే హాసెల్‌బ్లాడ్ అవార్డు అందుకుంది. వరుసను ఇంత దూరం తీసుకెళ్లవచ్చని ఆమె పని చూశాకే నాకు పూర్తిగా తెలిసింది.

సమయం గురించి. ప్రకటన పని ఒక్కసారిగా వచ్చిపడుతుంది, మళ్లీ కొన్నాళ్లు ఖాళీగా ఉంటుంది. ఖాళీ వచ్చినప్పుడు సొంత పని చేద్దామనుకుంటే అది ఎప్పటికీ జరగదు, ఎందుకంటే ఖాళీ రోజుల్లో మనసు తర్వాతి క్లయింట్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. క్యాలెండర్‌లో సొంత పని రోజులు ముందే గుర్తుపెట్టి, వాటిని కూడా బుక్ అయిన తేదీలుగానే చెప్పండి. ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు. ఇంకోటి, గడువు మీరే పెట్టుకోండి. గడువు లేకుండా పనిచేయడం మనలాంటివాళ్లకు అలవాటు లేదు. ఒక చిన్న చేతి కుట్టు పుస్తకం నమూనా ఫలానా తేదీకి తయారవ్వాలనుకోండి. ఇరవై పేజీలు చాలు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. సొంత ఫోటోల ప్రింట్లు అమ్మి ఇల్లు నడపవచ్చని మొదటి కొన్నేళ్లు అనుకోకండి. గ్యాలరీలు అమ్మినదాంట్లో సగం దాకా తీసుకుంటాయి, పరిమిత సంఖ్యలో ప్రింట్లు వేయడానికీ చట్రాలకీ ముందుగా ఖర్చు మీదే. ప్రకటన పని ఇక్కడ మీకు స్వేచ్ఛనిస్తుంది: సొంత ఫోటో అమ్ముడుపోవాలన్న తొందర ఉండదు, కాబట్టి దాన్ని అమ్ముడుపోయేలా వంచాల్సిన అవసరమూ ఉండదు. స్టూడియో మూసేసినవాళ్లలో చాలామంది రెండేళ్లకే గోడల అలంకారానికి పనికొచ్చే ఫోటోలు తీస్తూ కనిపించారు. అది మరో రకం ప్రకటన పని, అంతకంటే తక్కువ ఆదాయంతో.

ఒప్పందాలు మాత్రం ఇప్పుడే సరిచూసుకోండి. క్లయింట్‌కు అమ్మేది ఫోటోనా, దాన్ని వాడుకునే హక్కా, ఎంతకాలానికి, ఏయే మాధ్యమాల్లో, ఇవన్నీ రాతలో ఉండాలి. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు మొదటి హక్కుదారు ఎవరన్నది ఒక్కో దేశపు చట్టంలో ఒక్కోలా ఉంటుంది, కాబట్టి రాసుకోని ఒప్పందం మీద ఆధారపడకండి. రేపు మీ సొంత పుస్తకంలో స్టూడియో రోజుల ఫోటో ఒకటి కావాల్సి రావచ్చు. అప్పుడు చేతులు కట్టేసి ఉండకూడదు. పోర్ట్‌ఫోలియోలు రెండూ విడిగా ఉంచండి, కానీ సొంత పనిని క్లయింట్ల కంట పడకుండా దాచకండి. మంచి ఆర్ట్ డైరెక్టర్లు సొంత పనిని అడిగి మరీ చూస్తారు. నాకు వచ్చిన మంచి ప్రకటన పనుల్లో కొన్ని ఆ అరిగిన వస్తువుల ఫోటోలు చూసి ఇచ్చినవే.

కెమెరా మార్చకండి. ఆర్బస్ 1962 ప్రాంతంలో 35 మిల్లీమీటర్ల కెమెరా వదిలి చదరపు ఫ్రేము కెమెరాకు మారింది నిజమే. కానీ అప్పటికి ఆమెకు ఏం కావాలో తెలుసు: ఫిల్ము రేణువులు వద్దు, చర్మం, బట్ట, గోడ ఒక్కోటి విడివిడిగా కనబడాలి. మీకు అంత స్పష్టంగా ఒక లోటు కనబడినప్పుడు కొనండి.

వయసు గురించి అడిగారు. సిగరెట్ పీకలు తీసినప్పుడు పెన్‌కు యాభై అయిదేళ్లు, పశ్చిమ ప్రాంతానికి బయల్దేరినప్పుడు ఎవడాన్‌దీ దాదాపు అదే వయసు. మీ సందేహం అక్కడితో తీరాలి.

ఎవరికి చూపించాలన్నది మీరు అడగలేదు గానీ అవసరం. తోటి ప్రకటన ఫోటోగ్రాఫర్లకు మొదట చూపించకండి. వాళ్లు లైటింగు గురించి మాట్లాడతారు, బాగుందంటారు, మీరు మళ్లీ లైటింగు వైపు వెళ్లిపోతారు. కథలు చదివేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, మీ పని బాగాలేదంటే కోపం తెచ్చుకోరని తెలిసినవాళ్లు ఇద్దరు చాలు. ఏమీ వివరించకుండా వరుస వాళ్ల ముందు పెట్టి, వాళ్ల చెయ్యి ఏ ఫోటో దగ్గర ఆగుతుందో గమనించండి.

ఇక మీ ఫోటోలు. కిటికీ పూలు, వాన పడ్డ మెట్లు, పొగమంచులో చెట్టు, వీటిని పక్కన పెట్టండి. చక్కగా ఉన్నాయి, కానీ వాటిని ఎవరైనా తీయగలరు. నన్ను ఆపినది మీరు చివర్లో జతచేసిన ఆ ఒక్కటి. మీరే దాని కింద పరీక్ష కోసం తీసింది అని రాశారు. దుస్తుల షూటింగులో మానెక్విన్ బొమ్మను వెనక నుంచి తీసిన ఫోటో. ముందు వైపు ఒంటికి అతికినట్టు కనబడే జాకెట్టు వెనక మొత్తం మడతపెట్టి, బట్టల క్లిప్పులు, గుండుసూదులు, టేపు పెట్టి బిగించి ఉంది. ఒక క్లిప్పు బట్టను ఎంత గట్టిగా పట్టుకుందంటే, నేత దారాలు ఒకవైపుకు లాగినట్టు కనబడుతున్నాయి. నేపథ్యపు కాగితం అంచు ఫ్రేములో పడింది, దాని అవతల స్టూడియో గోడ. శీర్షికకు చోటు లేదు. దేన్నీ తుడవలేదు. మీ ఫోటోల్లో ప్రకటనలా లేనిది అదొక్కటే, అది మీ స్టూడియోలోంచే వచ్చింది.

మీ తర్వాతి దుస్తుల షూటింగులో పని అయిపోయాక లైట్లు వెంటనే తీయవద్దని అసిస్టెంటుకు చెప్పండి. బొమ్మను తిప్పి, ప్రతి దుస్తును వెనక నుంచి కూడా తీయండి. ముందు వైపుకు పెట్టిన లైటుతోనే తీయండి, దాన్ని అందంగా మార్చకండి. బట్ట ఇంకా మార్కెట్‌లోకి రాకపోతే, క్లయింట్ గోప్యత ఒప్పందంలో ఉంటుంది, కాబట్టి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ప్రచురణ ఎప్పుడో కూడా అందులో రాయించండి. మోడల్స్‌ను కూడా తీయాలనిపిస్తే, వాళ్లు ప్రకటనకు ఇచ్చిన సమ్మతి దీనికి చెల్లదు, విడిగా అడగాలి. ఓ ఇరవై అయ్యాక చిన్న ప్రింట్లు వేసి నేల మీద పరచండి. వాటిని నాకు పంపితే ఏ రెండు పక్కపక్కన నిలుస్తాయో కలిసి చూద్దాం.